అత్యవసర విదేశీ సాయానికి లెక్క ఎవరు చూస్తారు?

ప్రశ్న: ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. ఒక దేశం దివాలా తీసినప్పుడో, భూకంపమో యుద్ధమో వచ్చినప్పుడో బయటి దేశాలు, ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ హడావిడిగా వేల కోట్లు ఇస్తాయి కదా. ఆ డబ్బు లెక్క ఎవరు చూస్తారు? గట్టిగా తనిఖీ పెడితే సాయం ఆలస్యమై జనం చస్తారు, పెట్టకపోతే మధ్యలోవాళ్లు మింగేస్తారు. రెండింట్లో ఏది నయం?

సమాధానం:

ముప్ఫై ఏళ్లకు పైగా ఆడిట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. చివరి పదేళ్లూ దాదాపుగా బయటి అప్పులతో నడిచే ప్రాజెక్టుల లెక్కలే చూశాను. ఇప్పుడు విశాఖ ఎంవీపీ కాలనీలో కూర్చుని మనవరాలికి ఎక్కాలు చెబుతున్నాను. టైముంది కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు మీ ప్రశ్నలోనే ఒక చిక్కు విప్పాలి. తనిఖీ పెడితే ఆలస్యం అంటున్నారు. ఆలస్యం చేసేది తనిఖీ కాదండీ, ముందస్తు అనుమతి. టెండరు, ఆర్థిక శాఖ ఆమోదం, ఫైలు మీద ఆరు సంతకాలు, ఇవన్నీ అనుమతులు. తుఫాను మర్నాడు వీటిని పక్కన పెట్టాల్సిందే. మన దగ్గర అత్యవసరమైతే నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా నేరుగా, పనులు ఇచ్చేది అందుకే. కానీ ఎవరికి ఎంత ఇచ్చామో అదే రోజు రాసి పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక పుస్తకం, ఒక పెన్ను చాలు. అనుమతి లేకుండా ఖర్చు పెట్టినందువల్ల డబ్బు పోయిన కేసులు నేను తక్కువ చూశాను. ఆ రోజు రాయకుండా, మూడు నెలలు పోయాక తీరిగ్గా కూర్చుని రాసినవే ఎక్కువ.

ఒక ఉదాహరణ చెబుతాను. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మీరు బడి పిల్లలై ఉంటారు. 2014 అక్టోబరు 12, ఆదివారం. మర్నాడు పొద్దున చూస్తే ఊళ్లో పెద్ద చెట్లు చాలావరకు నేలమీదే ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు, పాల ప్యాకెట్టు కోసం క్యూలు. ఆ రోజుల్లో బియ్యం, కిరోసిన్, టార్పాలిన్లు పంచిన లెక్కలు ఏడాది తర్వాత నా టేబుల్ మీదకి వచ్చాయి. అందులో సముద్రం ఒడ్డున పక్కపక్కన ఉన్న రెండు ఊళ్లు. పేర్లు వద్దు.

మొదటి ఊరి ఫైలు చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. టైపు చేసిన జాబితా, వరుస నంబర్లు, రేషన్ కార్డు నంబర్లు, ఎదురుగా వేలిముద్రలు, కింద ముగ్గురి సంతకాలు, సీళ్లు. పంపిణీ తేదీ అక్టోబరు 14. రెండో ఊరి ఫైల్లో అసలు ఫారమే లేదు. ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. వానకి తడిసి అట్ట ఉబ్బిపోయింది. వీఆర్వో తన చేత్తో బాల్‌పెన్నుతో రాసుకున్నాడు: ఇంటి పెద్ద పేరు, ఎన్ని కేజీలు, ఎవరు పట్టుకెళ్లారు. మధ్యలో 'సాయంత్రం 4కి బియ్యం అయిపోయాయి, 11 ఇళ్లు మిగిలాయి' అని ఒక లైను. ఇంకోచోట 'టార్పాలిన్లు రెండు చిరిగినవి వచ్చాయి, పశువుల పాకకి ఇచ్చాను' అని. ఒక్క పేజీలోనే ఆరు కొట్టివేతలు.

రూలు ప్రకారం అభ్యంతరం రాయాల్సింది ఎవరి మీదో తెలుసా? రెండో ఊరి మీద. నిర్ణీత ఫారంలో లేదు, వేలిముద్రలు లేవు, కొట్టివేతల పక్కన పొట్టి సంతకాలు లేవు. మా టీములో కుర్రాడు అప్పటికే ఆడిట్ పేరా, అంటే ఆ అభ్యంతరం, రాసేశాడు.

ఊరికి వెళ్లి చూస్తే సంగతి తిరగబడింది. మొదటి ఊళ్లో ఒక ముసలమ్మకి జాబితాలో ఆమె పేరు, తేదీ చదివి వినిపించాను. 'ఆ దినాన మేం ఊర్లో నేం కదా బాబూ' అంది. 'ఇస్కూల్లో పెట్టారు మమ్మల్ని. నాలుగు దినాలకి గానీ ఇంటికి రానేదు.' పక్కింటివాళ్లదీ అదే మాట. తవ్వితే తేలింది ఏమిటంటే, బియ్యం వచ్చిన మాట నిజమే, కొంత పంచిన మాటా నిజమే. జాబితా మాత్రం ఆడిట్ వస్తోందని తెలిశాక రేషన్ డిపో రిజిస్టరు ముందు పెట్టుకుని తయారు చేశారు. వచ్చినదానికీ పంచినదానికీ ఎంత తేడా ఉందో, ఆ తేడా ఎవరింటికి చేరిందో చెప్పడానికి ఒక్క ఆధారమూ మిగల్లేదు. రెండో ఊళ్లో ఆ 11 ఇళ్లకీ వెళ్లి అడిగాం. మర్నాడు ఇచ్చారన్నారు. నోట్‌బుక్‌లో తర్వాతి పేజీలో ఉంది అది. కుర్రాడి చేత ఆ పేరా కొట్టేయించాను. దానికి నాకు పైనుంచి మెమో వచ్చింది, అది వేరే సంగతి.

ఇప్పుడు ఇదే బొమ్మని వెయ్యి రెట్లు పెద్దది చేసి చూడండి. 2003 మేలో అమెరికా ఆధ్వర్యంలో ఇరాక్ పాలన మొదలైంది. అక్కడి నుంచి 2004 జూన్ దాకా న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ నుంచి సుమారు 12 బిలియన్ డాలర్ల నగదు విమానాల్లో బాగ్దాద్ చేరింది. నోట్ల బరువే 363 టన్నులు. ఉప్పు బస్తాల్లా చెక్క ప్యాలెట్ల మీద పేర్చి పంపారు. అది అమెరికా పన్నుల సొమ్ము కూడా కాదు, ఎక్కువగా ఇరాక్ చమురు డబ్బే. ఇరాక్ పునర్నిర్మాణ లెక్కలు చూడటానికి అమెరికా పెట్టిన ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ స్టువర్ట్ బోవెన్ 2005 జనవరిలో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఇరాకీ మంత్రిత్వ శాఖలకు అందజేసిన 8.8 బిలియన్ డాలర్లకు సరైన లెక్క లేదు. ఒక చోట జీతాల పట్టీలో 8,206 మంది గార్డులున్నారు. మనుషులుగా ధ్రువీకరించగలిగింది 602 మందిని.

అప్పటి పాలనాధికారి పాల్ బ్రెమర్ వాదన దాదాపు మీ ప్రశ్నలోదే. యుద్ధం మధ్యలో అంత పక్కా అకౌంటింగ్ ఆశించడం అన్యాయం, జీతాలు ఆపితే పరిస్థితి ఇంకా చెడేది అన్నారు. అందులో నిజం లేకపోలేదు. జీతాలు ఇవ్వాల్సిందే. కానీ జీతం ఇచ్చే బల్ల దగ్గర మనిషిని చూసి పేరుకి టిక్కు పెట్టడానికి శాంతికాలం దాకా ఆగక్కర్లేదు. మన ఊరి వీఆర్వో కరెంటు లేని ఊళ్లో కొవ్వొత్తి పెట్టుకుని ఆ పని చేశాడు.

ఇక అసలు విషయం. పరీక్షల్లో 'విదేశీ సాయం' అని ఒకే గాటన కట్టేస్తారు గానీ, డబ్బు వచ్చే దారిని బట్టి అది కారే చోటు మారుతుంది. నేరుగా ఖజానాకి వచ్చేది ఒక దారి. శ్రీలంకనే తీసుకోండి. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది. 2023 మార్చి 20న ఐఎంఎఫ్ నాలుగేళ్లకు సుమారు 3 బిలియన్ డాలర్ల కార్యక్రమం మంజూరు చేసింది. ఇలాంటి డబ్బు ఖజానాలో పడ్డాక ఏ డాలరు ఎక్కడికి పోయిందో వెతకడం చెరువులో పోసిన చెంబుడు నీళ్లను వెతకడమే. అందుకని ఆ డబ్బును వదిలేసి మొత్తం ఇంటినే తనిఖీ చేస్తారు. ఐఎంఎఫ్ శ్రీలంక పాలనా లోపాల మీద ఒక పెద్ద అధ్యయనం చేయించింది. ఆసియాలో అలాంటిది అదే మొదటిది, 2023 సెప్టెంబరులో బయటపెట్టారు. ప్రభుత్వ కొనుగోళ్ల కాంట్రాక్టులు, పన్ను మినహాయింపులు ఎవరెవరికి ఇచ్చారన్నది వెబ్‌సైట్లో పెట్టమనడం అందులో ముఖ్యం. కోవిడ్ అప్పుడూ అంతే. అత్యవసర రుణాలు ఇచ్చేటప్పుడు షరతులు తగ్గించారు గానీ, చాలా దేశాల దగ్గర కోవిడ్ కాంట్రాక్టులు, వాటిని దక్కించుకున్న కంపెనీల అసలు యజమానుల పేర్లు ప్రకటిస్తామని, తర్వాత ఆడిట్ చేయిస్తామని మాట తీసుకున్నారు. ఖర్చు పెట్టండి, రసీదులు దాచండి అన్నది అప్పట్లో ఐఎంఎఫ్ అధినేత క్రిస్టలినా జార్జియేవా నోట పదే పదే వచ్చిన మాట. మాట ఇచ్చినవాళ్లందరూ నిలబెట్టుకోలేదు. డబ్బు ముందే చేతికి వచ్చేశాక మాటకి విలువ ఎంతో మీకు తెలుసు.

రెండో దారి సరుకులు. మన దేశం ఎక్కువగా వాడేది ఇదే. 2022లో శ్రీలంకకు మన ఎగుమతి దిగుమతుల బ్యాంకు (ఎగ్జిమ్ బ్యాంకు) ద్వారా ఇంధనానికి 500 మిలియన్ డాలర్లు, స్టేట్ బ్యాంకు ద్వారా ఆహారం, మందుల వంటి వాటికి ఒక బిలియన్ డాలర్ల రుణం ఇచ్చాం. ఇలాంటి రుణంలో సొమ్ము సముద్రం దాటదు, సరుకు దాటుతుంది. ఇక్కడి ఎగుమతిదారుకి ఇక్కడే చెల్లింపు. కాబట్టి అక్కడి మంత్రి డబ్బు మూటలు పట్టుకుపోయే వీలు లేదు. బాగుంది కదా అనిపిస్తుంది. కానీ ధర ఎవరు చూశారు? నాణ్యత ఎవరు చూశారు? ఎగ్జిమ్ బ్యాంకు సాధారణ రుణాల్లో 75 శాతం కొనుగోళ్లు భారత్ నుంచే జరగాలన్న నియమం ఉంది. పోటీ తగ్గిన చోట ధర పెరగడం కొత్త సంగతేమీ కాదు. ఆ ఎక్కువ ధర చివరికి అప్పుగా కట్టేది తీసుకున్న దేశపు జనం. మన ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ మన వైపు లెక్క చూస్తుంది, వాళ్ల ఆడిటర్ జనరల్ వాళ్ల వైపు చూస్తాడు. అదే నెలలో అదే సరుకు బజారులో ఎంతకు దొరికిందో రెండు ఫైళ్లూ పక్కన పెట్టి చూసేవాడు ఎవడూ ఉండడు. ఈ పద్ధతిలో నాకు అతి బలహీనంగా కనిపించేది ఆ మధ్య ఖాళీయే.

సరుకుల లెక్క గురించి ఇంకొక్క మాట, ఇది మన ఊరిదే. 2021 మేలో ఆక్సిజన్ కోసం దేశమంతా అల్లాడుతున్నప్పుడు నౌకాదళం ఐఎన్ఎస్ ఐరావత్ సింగపూర్ నుంచి ఆక్సిజన్ ట్యాంకులు, సిలిండర్లు విశాఖ తెచ్చింది. అప్పుడు సాయం తీసుకుంటున్నది మనం. ఆ నెలలో దేశానికి మొత్తం ఎన్ని సిలిండర్లు, ఎన్ని కాన్సంట్రేటర్లు వచ్చాయో కేంద్రం ప్రకటనలు ఇస్తూనే ఉంది. మొత్తం ఎంత అన్నది పత్రికలకి పనికొచ్చే లెక్క. ఏ ఆసుపత్రి స్టాక్ రిజిస్టర్లో ఏ సీరియల్ నంబరు ఏ తేదీన ఎక్కిందన్నది ఆడిటర్‌కి కావాల్సిన లెక్క. మీరు ఏ సాయం నివేదిక చదివినా ఈ రెండో లెక్క ఉందా లేదా చూడండి. చాలావాటిలో ఉండదు.

మూడోది తిరిగి చెల్లింపు పద్ధతి. నా అన్నం ఇందులోనే ఉడికింది కాబట్టి దీని మీద నాకు పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నా. హుద్‌హుద్ తర్వాత రాష్ట్రానికి ప్రపంచ బ్యాంకు 250 మిలియన్ డాలర్ల రుణం ఇచ్చింది. విశాఖలో భూగర్భ కరెంటు కేబుళ్లు ఆ ప్రాజెక్టులో భాగమే. ఇలాంటి రుణంలో సంచీ తెచ్చి ఇవ్వరు. రాష్ట్రం ముందు ఖర్చు పెడుతుంది. ఖర్చు పట్టిక ఢిల్లీలో ఎయిడ్ అకౌంట్స్ విభాగానికి వెళ్తుంది, అక్కడి నుంచి క్లెయిము బ్యాంకుకి వెళ్తుంది. ఏటా ఆడిట్ సర్టిఫికెట్ కావాలి. ఆడిటర్ కొట్టేసిన ఖర్చు బ్యాంకు ఇవ్వదు, ఇచ్చి ఉంటే వెనక్కి పట్టుకుంటుంది. ఉక్రెయిన్‌కి 2022 నుంచి ఇదే తరహాలో ప్రపంచ బ్యాంకు ఒక కార్యక్రమం నడిపింది. టీచర్లకి, ఎమర్జెన్సీ సిబ్బందికి ప్రభుత్వం జీతాలు చెల్లించాక, ఆ చెల్లింపుల రికార్డు చూసి డబ్బు తిరిగి ఇచ్చేది. యుద్ధం జరుగుతుండగానే. కాబట్టి యుద్ధంలో కుదరదు అన్న మాట పూర్తిగా నిలబడదు. కాకపోతే ముందుగా ఖర్చు పెట్టడానికి చేతిలో డబ్బుండాలి. ఖాళీ ఖజానా ఉన్న దేశానికి ఈ పద్ధతి ఆకలితో ఉన్నవాడికి బిల్లు చూపించు, డబ్బిస్తాం అన్నట్టు ఉంటుంది.

ఈ పద్ధతిలో కారే చోటు ఎం-బుక్, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం. భూమిలో పాతే పని ఏదైనా తీసుకోండి, పైపు కానీ కేబులు కానీ. గొయ్యి పూడ్చాక లోతు ఎంతో దేవుడికి తెలియాలి. కొలత పుస్తకంలో మీటరు అని రాసి ఉంటుంది. ఆడిటర్ రెండేళ్ల తర్వాత వచ్చి రోడ్డు మీద నిలబడి ఏం చూస్తాడు? పూడ్చేముందు కొలకర్ర నిలబెట్టి, తేదీ పడేలా తీసిన ఫొటో ఉంటే దాని ముందు ఏ నిపుణుడి నివేదికా పనికిరాదు.

అనుమతి, తనిఖీ విడదీసి చక్కగా చేసిన ఉదాహరణ కావాలంటే నేపాల్ చూడండి. 2015 భూకంపం తర్వాత గూర్ఖా, నువాకోట్ జిల్లాల్లో 50 వేల ఇళ్లకు భారత్ గ్రాంటు ఇచ్చింది. ఇంటికి మూడు లక్షల నేపాలీ రూపాయలు, అదీ మూడు విడతల్లో. ఒప్పందం మీద సంతకం పెట్టగానే 50 వేలు, పునాది లేచాక ఇంజినీరు చూసి లక్షన్నర, గోడలు పైకప్పు మట్టానికి వచ్చాక మిగతా లక్ష. డబ్బు నేరుగా ఇంటివాళ్ల ఖాతాలోకి. మొదటి విడతకు పెద్ద తనిఖీ లేదు, పని మొదలవుతుంది. మింగినా 50 వేల దగ్గరే ఆగుతుంది. లోపాలు లేవా అంటే ఉన్నాయి. విడతలు తెచ్చుకోవడానికే ఒక్క గది కట్టి వదిలేసినవాళ్లున్నారు. పనులు మొదలవడమే ఆలస్యమైంది, జనం రేకుల షెడ్లలో చలికాలాలు గడిపారు. కానీ ఆ ఆలస్యానికి కారణం ఇంజినీరు తనిఖీ కాదు. పునర్నిర్మాణ సంస్థ పగ్గాలు ఎవరికన్న రాజకీయ తగువులో ఎనిమిది నెలలు పోయాయి. ఎక్కడైనా 'ఆడిట్ వల్లే ఆలస్యం' అని విన్నప్పుడు తేదీలు వరుసగా రాసి చూడండి, నేరస్థుడు తరచుగా ఇంకొకడై ఉంటాడు.

లెక్క చూసేవాళ్ల గతి కూడా చెప్పాలి. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో ఎబోలా అంటువ్యాధి నడుస్తుండగానే ఆడిటర్ జనరల్ లారా టేలర్ పియర్స్ ఆ నిధుల ఆడిట్ చేశారు. 2014 మే నుంచి అక్టోబరు దాకా లెక్కలు చూసి, 2015 ఫిబ్రవరికల్లా నివేదిక బయటపెట్టారు. దాదాపు మూడో వంతు ఖర్చుకి సరైన కాగితాలు లేవని తేల్చారు. అంటువ్యాధి ఇంకా తగ్గకముందే వచ్చింది కాబట్టే దానికి విలువ. 2021లో ఆమెను సస్పెండ్ చేశారు. పేద దేశాల్లోనే ఇలా అనుకోకండి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేశాక, ఫిబ్రవరిలో, 489 మిలియన్ డాలర్ల ఆహార సరుకు పాడైపోయే, పక్కదారి పట్టే ప్రమాదంలో ఉందని ఆ సాయం పంచే సంస్థ యూఎస్‌ఎయిడ్ ఇన్‌స్పెక్టర్ జనరల్ పాల్ మార్టిన్ నివేదిక ఇచ్చారు. మర్నాడే ఆయన ఉద్యోగం పోయింది. నాకొచ్చిన మెమో వీటి ముందు ఏపాటి.

అందుకే ఒక్క అధికారి మీద భారం పెట్టే పద్ధతి నాకు నమ్మకం లేదు. పుచ్చుకున్నవాడికి జాబితా చూసే హక్కు ఉంటే ఆడిటర్‌ని తీసేసినా జాబితా మిగులుతుంది. ఇది విదేశాల నుంచి నేర్చుకోవాల్సిన పని కూడా కాదు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశే దేశానికి చేసి చూపించింది. కూలీల ఇళ్ల పిల్లలే మస్టర్లు, అంటే హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరిగి, తర్వాత ప్రజావేదికలో అందరిముందు పైకి చదువుతారు. 'నేను ఆ వారం పనికే వెళ్లలేదు' అని ఒక మనిషి లేచి నిలబడితే ఇక ఏ సీలూ పనిచేయదు. రికవరీలు సరిగా జరగలేదన్నది నిజమే, దాని మీద ఎన్ని తిట్లైనా తిట్టొచ్చు. కానీ దొంగతనం ఏ తేదీన, ఏ పేరు మీద జరిగిందో దొరికేది. ప్రపంచ బ్యాంకులో కూడా బాధితులు నేరుగా ఫిర్యాదు చేసే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ 1993లో వచ్చిందంటే, ఆ బ్యాంకు అప్పిచ్చిన డ్యాం మీద నర్మద లోయలో జనం చేసిన పోరాటం దాని వెనకున్న పెద్ద కారణాల్లో ఒకటి. ఇచ్చేవాడికి లెక్క చెప్పడం చాలా దేశాలకి అలవాటైంది. తీర్చేవాడికి, తినేవాడికి లెక్క చెప్పడం ఇంకా అలవాటు కాలేదు.

మీ పేపర్ కోసం అయితే ఏదో ఒక్క కార్యక్రమం తీసుకోండి, ప్రపంచమంతా వద్దు. శ్రీలంక మీద కాగితాలు బోలెడు దొరుకుతాయి. నివేదికలో ముందుమాటలు వదిలేసి అనుబంధాల్లోకి వెళ్లండి. సంఘటన జరిగిన తేదీ, అది రికార్డయిన తేదీ, జనానికి బయటపెట్టిన తేదీ, ఈ మూడూ ఒక పట్టికలో పెట్టి మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కేయండి. మీ సగం థీసిస్ అక్కడే ఉంటుంది.

ఆ నోట్‌బుక్ సంగతి అడుగుతారేమో. తనిఖీ అయ్యాక వెనక్కి ఇచ్చేశాను. ఇస్తుంటే వీఆర్వో నసుగుతూ, 'సార్, ఇప్పుడైనా దీన్ని ఫారంలోకి ఎక్కించి నీట్‌గా టైపు కొట్టించమంటారా?' అన్నాడు. వద్దు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచమన్నాను.